ఆవపొడి డబ్బా చప్పుడు

హాలిఫాక్స్,
ఫిబ్రవరి 3

ప్రియమైన హెట్టీ అత్తకు,

ఈ కవరులో ఒక పేపరు కత్తిరింపు పెట్టాను. చదివేముందు కుర్చీలో కూర్చో. పక్కన విరిగే వస్తువులు ఏమైనా ఉంటే తీసేయి.

చదివావా? వెట్ స్లేట్స్ మళ్లీ వస్తున్నారట! పదమూడేళ్ల తరవాత కొత్త ఆల్బమ్! పేరు 'టీ చల్లారకముందే'. పదమూడేళ్లకు టీ చల్లారడమేమిటి, బూజు పట్టి కప్పు నుంచి నడిచి వెళ్లిపోయి ఉంటుంది! ఫొటోలో బ్రెండన్ హోల్డ్‌రాయిడ్ ఎలా నవ్వుతున్నాడో చూడు. జూదం కంపెనీ ప్రకటనకి మన పాట అమ్మిన నోరు అది. నువ్వు కట్టిన బ్యాండులోంచి నువ్వే నడిచి వెళ్లిపోయేలా చేసిన మనిషి. నిన్ను పదమూడేళ్లుగా డ్రమ్ము ముట్టకుండా చేసిన మనిషి. ఇప్పుడు నీ కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారో పేరు కూడా చెప్పలేదు. సిగ్గుపడి ఉంటారు.

నా గోడ మీద ఇప్పటికీ ఆ ఫొటోనే ఉంది. వాన, బురద, నలభైవేల మంది జనం. పాట మధ్యలో డ్రమ్ము పుల్లలు కింద పెట్టి వేదిక దిగి వెళ్లిపోతున్న నీ వీపు. మనిషి ఎలా బతకాలో నాకు ఆ వీపే నేర్పింది. మిగతాది కరపత్రాలు నేర్పాయి.

అందుకే నేనూ ఒక కరపత్రం రాశాను. నానమ్మ ఇంటి అటక మీద నా చేతి అచ్చుయంత్రంతో ఐదువందలు కొట్టాను. 'శ్రామికుల పాటను సంతలో అమ్మినవారు తిరిగి వస్తున్నారు! ద్రోహానికి చప్పట్లా?' అని మొదలవుతుంది. నువ్వు కింద నాలుగు మాటలు రాసి సంతకం పెట్టి పంపితే, వాళ్లు ఎక్కడ పాడితే అక్కడ గుమ్మం ముందు నిలబడి పంచుతాను. న్యాయం ఆలస్యంగానైనా జరగాలి.

నాకు ఫోను చేయడం కుదరదని నీకు తెలుసు. ఆ గూఢచారిని జేబులో మోయనని ప్రతిజ్ఞ చేశాను. ఉత్తరమే రాయి.

నీ పోరాటానికి వారసుడు,
రూఫస్

*

వెస్ట్రే దీవి, ఆర్క్‌నీ,
ఫిబ్రవరి 19

ప్రియమైన కోపిష్టి అల్లుడికి,

ఆరు రోజులు పడవ రాలేదు. గాలికి రేవు దగ్గర టికెట్టు గది తలుపు ఊడిపోయింది. ఆ తలుపు ఒక పూట సముద్రంలో తిరిగి, బుద్ధి తెచ్చుకుని మళ్లీ ఒడ్డుకి వచ్చింది. నీ ఉత్తరం ఆ తలుపుతో పాటే చేరింది. రెండింటిలో ఏది ఎక్కువ ఊగిపోతోందో చెప్పలేను.

కరపత్రం చదివాను. 'ద్రోహం' తొమ్మిదిసార్లు వచ్చింది. నాలుగు చాలేమో కన్నా, మిగతా అయిదూ వచ్చే పోరాటానికి దాచుకో. అక్షరాలు మాత్రం చక్కగా పడ్డాయి.

సంతకం పెట్టను. ఎందుకని ఇప్పుడే అడక్కు. నీ మీద కోపం లేదు, నీ నమ్మకం మీద వేళాకోళమూ లేదు. నీ వయసులో నేనూ గోడలకి పోస్టర్లు అంటించినదాన్నే. ఒకసారి పోలీసాయన వీపుకి అంటించాను.

ఒక సాయం చెయ్యి. అటక మీద, నీటి తొట్టి వెనకాల నా చిన్న డ్రమ్ము ఉంటుంది, దుప్పటి చుట్టి. పక్కనే పసుపురంగు ఆవపొడి డబ్బా, లోపల ఎండు బఠానీలు. రెండూ పోస్టులో పంపు. ఇక్కడ ఊరి హాల్లో సాయంత్రాలు పాటలు పాడుకుంటున్నారు, పనికొస్తాయి. బఠానీలు మార్చకు. అవి మీ నానమ్మ ఏరి వేసినవి. కొత్త బఠానీ ఆ చప్పుడు చెయ్యదు.

నానమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోనులో అడిగితే 'నీకంటే బాగుంది' అంటోంది.

ప్రేమతో, తలుపు మేకులు కొట్టుకుంటూ,
హెట్టీ అత్త

*

హాలిఫాక్స్,
మార్చి 8

ప్రియమైన అత్తా,

పార్సిలు నిన్న పంపాను. డ్రమ్ము నేనే చుట్టాను. డబ్బా మాత్రం నానమ్మ నన్ను ముట్టుకోనివ్వలేదు. మోకాలు పట్టుకుని మూలుగుతూనే, తన ఉన్ని టోపీ తీసి దాంట్లో చుట్టింది.

"బఠానీల డబ్బాకి టోపీ ఎందుకే నానమ్మా?" అన్నాను.

"నీకు అర్థమయ్యే రోజున నాకు టీ పెట్టి ఇద్దువుగాని" అంది. తనలో తను నవ్వుకుంటోంది. ఈమధ్య ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంటోంది. వయసు మీద పడుతోంది పాపం.

ఇప్పుడు అసలు సంగతి. బ్రెండన్ కనిపించాడు! చేపల వేపుడు కొట్టు దగ్గర నా ముందు వరసలో నిలబడ్డాడు. కారు నడపడం నేర్పిస్తాడట ఇప్పుడు, చొక్కా మీద ఆ కంపెనీ బొమ్మ కూడా ఉంది. అడగక ఊరుకుంటానా?

"పాటను జూదగాళ్లకి అమ్మింది నువ్వేనా?" అన్నాను, అందరికీ వినపడేట్టు.

"నేనే" అన్నాడు.

"సిగ్గు లేదూ?"

"ఉంది. ఆ వెనిగర్ సీసా ఇటు అందుకో."

నేను అందుకున్నాను! ఎందుకు అందుకున్నానో ఇప్పటికీ తెలియడం లేదు. తరవాత కళ, పెట్టుబడి, శ్రమ గురించి చాలాసేపే చెప్పాను. కొట్టావిడ బంగాళాదుంపలు వేయించడం ఆపి వింది. బ్రెండన్ కాగితపు పొట్లం చేతిలో పట్టుకుని, ఒక్క మాటకీ ఎదురు చెప్పకుండా అంతా విన్నాడు. చివరికి మెల్లగా, "నువ్వు హెట్టీ అన్న కొడుకువి కదూ? మీ అత్త చేతులు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

చేతులేమిటి? అతను చేసిన పని గురించి నేను అడుగుతుంటే, నీ చేతుల గురించి అతనికెందుకు? నా చేపముక్క అక్కడే వదిలేసి వచ్చేశాను. అదొక్కటే బాధ.

ఇంకా సంతకం కోసం ఎదురుచూస్తూ,
రూఫస్

*

వెస్ట్రే,
ఏప్రిల్ 11

ప్రియమైన అల్లుడికి,

కార్డు ముక్కే, పడవ బయల్దేరుతోంది. పార్సిలు అందింది. టోపీ పెట్టుకున్నాను, డబ్బాకి వేరే ఏర్పాటు చేశాను. కరపత్రాలు మే నెల దాటేవరకు పంచకు. నా మాట మీద గౌరవం ఉంటే ఆగు. ఇక్కడ అందరం మూడురోజులుగా నిద్ర చాలక, ఒళ్లు నొప్పులతో, చెప్పలేనంత సంతోషంగా ఉన్నాం. ఎవరం అని అడగొద్దు.

హెట్టీ

*

హాలిఫాక్స్,
మే 17

ప్రియమైన... అని రాయాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించాను. రాస్తున్నాను. ప్రియమైన అత్తా,

ఆల్బమ్ మా ఫ్యాక్టరీకే వచ్చింది. దేశంలో రికార్డులు అచ్చువేసే చోట్లు ఎన్ని ఉంటాయి గనక? ముద్ర నుంచి మొదట తీసిన అయిదు రికార్డులు విని, చిటపటలున్నాయా, సూది దూకుతోందా చూసి, చీటీ మీద సంతకం పెట్టేది నేను. నేను సంతకం పెట్టకపోతే మిషన్లు కదలవు. చరిత్ర నా చేతికి మీట ఇచ్చింది అనుకున్నాను.

తిన్నగా మా మేస్త్రీ షెరిల్ దగ్గరికి వెళ్లి, "ఈ రికార్డు నేను వినను. ఇది నా అంతరాత్మకి సంబంధించిన విషయం" అన్నాను.

షెరిల్ సాండ్‌విచ్ నములుతోంది. "వినకుండా తిట్టేవాడు నాకెందుకు బాబూ? లోపలికి పో. విను. విన్నాక ఎంత కావాలంటే అంత తిట్టు, కూర్చుని రాసుకుంటాను."

అది న్యాయంగానే అనిపించింది. తప్పులు పట్టుకుందామని హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని కూర్చున్నాను. మొదటి పాటలో తప్పు లేదు. రెండోదానిలో లేదు. మూడో పాటలో రెండో చరణం దగ్గర గిటార్లన్నీ ఆగిపోయి, ఎక్కడో దూరంగా ఒక చప్పుడు. గుల గుల గుల.

బఠానీలు!

సూది వెనక్కి పెట్టి మళ్లీ విన్నాను. నేను అటక మీంచి దింపి, నా చేత్తో పోస్టాఫీసు బల్ల మీద పెట్టిన డబ్బా అది. చిన్నప్పుడు నువ్వు నన్ను నిద్రపుచ్చడానికి ఊపిన డబ్బా. అక్కడినుంచి పాటలు కాదు, డ్రమ్ములు విన్నాను. చివరి పల్లవికి ముందు అరక్షణం తొందర. చల్లనీళ్లలోకి దూకేవాడు ఆలోచించుకోకుండా దూకేసినట్టు. భూమ్మీద అలా తొందరపడేది ఒక్కరే. నీ పాత పాటలన్నిటిలో ఆ తొందర నాకు కంఠతా వచ్చు.

రికార్డు తిప్పి దీపం కింద పెట్టాను. పాటలు అయిపోయాక లేబులు దాకా ఒక ఖాళీ వలయం ఉంటుందిగా. రికార్డులన్నిటికీ మూలమైన తల్లి ముద్ర కోసేవాళ్లు అక్కడ సూదితో నాలుగు మాటలు గీకడం మాలో పాత అలవాటే. ఇక్కడ కూడా గీకి ఉంది: 'డబ్బా అందింది అల్లుడూ. టీ పెట్టు.'

అత్తా, నాకు మండిపోయింది. నువ్వా! వాళ్లతోనా! నా గోడ మీద ఉన్న వీపు ఎవరిది మరి? నానమ్మకి కూడా తెలుసు! అందరూ కలిసి నన్ను ఆటపట్టించారు! చీటీ చింపేద్దామని చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, ఇంకోసారి విందామనుకున్నాను. అలా పదకొండుసార్లు అయింది. షెరిల్ వచ్చి "తిట్లు సిద్ధమా?" అంటే, "ఇంకా కాదు" అన్నాను. ముఖం తుడుచుకోమని రుమాలు ఇచ్చింది.

'దోషం లేదు' అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాయలేదు. దోషం లేదు.

జూన్ 21న వాళ్లు ఇక్కడ పాత బట్టల మిల్లు హాల్లో వాయిస్తున్నారు. పోస్టరు మీద నీ పేరు లేదు. నువ్వు ఎందుకు వెళ్లిపోయావు? ఎందుకు తిరిగి చేరావు? నిజం చెప్పకపోతే ఐదువందల కరపత్రాలూ ఆ రోజు గుమ్మం దగ్గరే ఉంటాయి. నేనూ ఉంటాను.

(సంతకం ఏమని పెట్టాలో తెలియని)
రూఫస్

*

వెస్ట్రే,
మే 29

ప్రియమైన రూఫస్,

అడిగావు, చెప్తున్నాను. మొదట టీ పెట్టుకో.

ఆ రోజు వానలో నాలుగో పాట మధ్యలో నా చేతులు లేవలేదు. నొప్పి కాదు, జబ్బు కాదు. నలభైవేల మందిని చూసి భయం, అంతే. అంతకుముందు ఏడాదంతా కొంచెం కొంచెంగా వస్తూ ఉండేది, ఆ రోజు మొత్తంగా వచ్చింది. బ్రెండన్ గిటారు ఒక్కటే మోగుతోంది. అతను వెనక్కి తిరిగి నా చేతుల వంక చూశాడు. నేను పుల్లలు కింద పెట్టి పారిపోయాను. నీ గోడ మీద ఉన్నది తిరుగుబాటు కాదు కన్నా, పరుగు.

విలేకరులు చుట్టుముడితే బ్రెండన్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పాట ప్రకటనకి నేను అమ్మాను. ఆమెకి నచ్చలేదు, వెళ్లిపోయింది. తప్పు నాదే" అన్నాడు. జనం నాకు దండలు వేశారు, అతని మీద ఉమ్మేశారు. పదమూడేళ్లు అతను ఆ మాట మార్చలేదు. చేపల కొట్టులో నీ ముందు కూడా మార్చలేదు. ఆ దండలు దించమని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దండ తీయడం కష్టంరా.

ఇంకొకటి. ఆ అమ్మకం కాగితం మీద మొదటి సంతకం నాది. ఆ చలికాలం నానమ్మ ఇంటి పైకప్పు సగం లోపలికి కూలింది, గుర్తుందా? నీకప్పుడు ఆరేళ్లు, గొడుగు వేసుకుని అన్నం తిన్నావు. నీ అచ్చుయంత్రం ఇవాళ తడవకుండా ఉందంటే ఆ పాట వల్లే. నువ్వు ద్రోహం అని తొమ్మిదిసార్లు అచ్చువేసింది ఆ కప్పు కిందే.

జనవరిలో బ్యాండులో మిగతా ముగ్గురూ ఇక్కడ పడవ దిగారు. రేవు పనిలో పడవ తాడు అందుకోవడానికి వెళ్లి చూస్తే వాళ్లు. బ్రెండన్ దారంతా వాంతులు చేసుకుని, ముఖం ఆకుపచ్చగా ఉన్నాడు. ఒక్క సంజాయిషీ అడగలేదు. "టీ పెట్టవే హెట్టీ, చల్లారకముందే ఒక పాట వాయిద్దాం" అన్నాడు. ఊరి హాల్లో గోడవైపు తిరిగి వాయించాను. చేతులు లేచాయి! నీకు రాసినప్పుడు అబద్ధాలు ఆడాను, నిజమే. కుదురుతుందో లేదో తెలియక ఎవరికీ చెప్పలేకపోయాను. నానమ్మ తప్ప. ఆవిడ గొంతు విని పట్టేసింది.

జూన్ 21కి రమ్మంటున్నారు. పేరు వెయ్యొద్దని నేనే అన్నాను. అక్కడ గోడ ఉండదు, మనుషులు ఉంటారు. మళ్లీ ఆగిపోతే, రూఫస్, ఈసారి నేను పూర్తిగా అయిపోయినట్టే. అందుకని ఒకటి అడుగుతాను. నన్ను గోడ మీదినుంచి దించేసి ఉంటే కాదను, తప్పు పట్టను. నా ఎడమపక్కన నిలబడి డబ్బా ఊపుతావా? నా చేయి ఆగినా నువ్వు ఆపకు. ఒక్క చప్పుడు పక్కన వినపడుతుంటే నేను పారిపోనని అనుకుంటున్నాను.

ప్రేమతో, కొంచెం భయంతో,
నీ అత్త

*

హాలిఫాక్స్,
జూన్ 22, ఉదయం

ప్రియమైన అత్తా,

ఈ చీటీ నానమ్మ కట్టిచ్చిన అల్లం కేకు కింద పెడుతున్నాను. రైలు లీడ్స్ దాటాక గానీ నీకు దొరకదు. నీ ముఖం చూస్తూ ఇవి చెప్పడం నావల్ల కాదు.

కరపత్రాలు పారెయ్యలేదు, కాగితం వృథా చేయడం నా సిద్ధాంతానికి విరుద్ధం. వెనకవైపు ఖాళీగా ఉందిగా, ఆఖరి పాట పల్లవి అచ్చువేసి గుమ్మంలో నిలబడి పంచాను. అందుకే హాలు హాలంతా పాడింది. బ్రెండన్ ఒకటి తీసుకుని తిప్పి చూసి, "ముందువైపే ఇంకా బాగుందే! తొమ్మిది ద్రోహాలు!" అన్నాడు. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే, "చేపల కొట్టులో నీ ముక్క వదిలేసి వెళ్లావు, నేను తిన్నాను. చెల్లు" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను రాసిన అతిపెద్ద ఉపన్యాసానికి అంత చిన్న జవాబు వస్తుందనుకోలేదు.

ఫొటో గోడ మీదే ఉంచాను. పారిపోయిన మనిషి వీపు అది. తిరిగొచ్చిన మనిషిది కూడా అదే వీపు. ఇది ఏ కరపత్రంలోనూ లేదు, నేనే రాయాలి.

ఇక నాలుగో పాట. నువ్వు జనం వైపు తలెత్తి చూశావు, నేను నీ మణికట్టు వైపు చూశాను. డబ్బా ఊపుతూనే ఉన్నాను. నీ చేయి గాల్లోకి లేచింది. అరక్షణం ముందే, ఎప్పట్లాగే. దిగింది. మళ్లీ లేచింది. ముందు వరసలో నానమ్మ కర్ర నేలకేసి కొడుతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

నీ చేయి ఆగలేదు అత్తా. ఆగింది నాది. పాట మధ్యలో, అన్ని వందల మంది ముందు, వాయిస్తూనే నా వైపు తిరిగి, నవ్వుతూ నువ్వు వేసిన ఆ కేక ఉందే! 'ఊపరా వెధవా!' అని.

నేను విన్నవాటిలో అంత గొప్ప పిలుపు ఇంకొకటి లేదు.

నీ డబ్బా,
రూఫస్