అత్తగారి పెట్టెలోని నక్షత్రాలు

నవంబర్ 3, సెలవు

ఈ రోజు నుంచి నేను షురికెన్ విసరడం నేర్చుకుంటున్నాను. షురికెన్ అంటే నింజాలు విసిరే ఇనుప నక్షత్రం. రేపు మాట మార్చకుండా రాసి పెడుతున్నాను.

కారణం కోతులు. ఈసారి నింజాల గడ్డ అనే మా ఇగా కొండల్లో తిండి దొరకలేదో ఏమో, ఊరి మీద పడ్డాయి. మేమేమో నిన్ననే పెర్సిమన్ పండ్లు చెక్కు తీసి, తాళ్లకు గుచ్చి, ఎండడానికి చూరు కింద గెడకు వేలాడదీశాం. నా బొటనవేలికి పట్టిన వగరు మరక ఇంకా పోలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ (పేరు చిసాతో) పక్కింటి హొరిగుచి గారిలా మనమూ వల కట్టుకుందాం అంది. అత్తగారు చాప్‌స్టిక్స్ కింద పెట్టారు.

"నింజాల ఇంటికి వలా? మీ నాన్న ఉండుంటేనా..." అని కూతురితో అంటూ నా వైపు చూశారు.

ఆ చూపు నాకు పాతదే. నేను ఇల్లరికపు అల్లుణ్ని. నగోయాలో పుట్టి, పెళ్లితో ఇంటిపేరు మార్చుకుని యబుతా అయ్యాను. ముప్పై ఏళ్లు కావస్తోంది. అత్తగారికి నేను ఇప్పటికీ నగోయా అబ్బాయినే. ఆవిడ టీ పోసే వరస కూడా మారలేదు: ముందు మామగారి ఫోటోకి, తర్వాత తనకి, తర్వాత కూతురికి, చివర్న అడుగున ఏమైనా మిగిలితే నాకు.

పూజ గదిలో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో నాలుగు ఇనుప నక్షత్రాలు. యబుతా వంశంలో ఎవరో నింజా విసిరినవట. మామగారు వచ్చిన ప్రతి అతిథికీ చూపించేవారు. ఆయన పోయాక పెట్టె మీద దుమ్ము తుడిచే అధికారం నాకు దక్కింది. లోపల ముట్టుకోవడానికి వేరే రక్తం కావాలి.

వల అక్కర్లేదు, పండ్ల కాపలా నాది అన్నాను. అత్తగారు "చూద్దాం" అన్నారు. ఆవిడ భాషలో దాని అర్థం నీ వల్ల కాదు అని.

కానీ నా వల్ల అయి తీరాలి. కొత్త సంవత్సరం పొద్దున ఆవిడ మొదటి పండు మామగారి ఫోటో ముందు పెట్టి, రెండోది తాను తింటారు. ఏడాదంతా ఆవిడ ఎదురుచూసేది ఆ ఒక్కదాని కోసమే.

నవంబర్ 4

కోట కింద బజారులో కొత్త నక్షత్రాలు కొన్నాను. అలంకరణకు మాత్రమే, కొసలు మొద్దు అని దుకాణం ఆయన చెప్పాడు. అలంకరణకే అన్నట్టు తలూపాను. గురి కోసం పాత తతామి చాప ఒకటి షెడ్డుకి ఆనించాను.

ఉదయం:
విసిరినవి: చాలా.
చాపకి తగిలి జారినవి: కొన్ని.
షెడ్డు రేకుకి తగిలి మోగినవి: ఎక్కువ.
హొరిగుచి గారి ముల్లంగి మడిలో పడినవి: ఒకటి.
గుచ్చుకున్నవి: ఇంకా మొదటి రోజే కదా.

సాయంత్రం: ఒకటి గుచ్చుకుంది! నిజంగా. చిసాతోని పిలిచాను. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చేలోపు అది పడిపోయింది. "ఎక్కడ?" అంది. ఇక్కడే ఉండేది అన్నాను.

నవంబర్ 9, ఆదివారం

కమ్యూనిటీ హాల్లో షురికెన్ క్లాసు. మాస్టారు షిబాతా వారమంతా నల్లబట్టలు కట్టి టూరిస్టుల ముందు గెంతుతాడు. ఆదివారం మాత్రం ట్రాక్‌సూట్‌లో వస్తాడు.

వీటితో ఎంత దూరంలో మనిషిని చంపొచ్చు అని ఒక కుర్రాడు అడిగాడు. (నేనూ అదే అడుగుదామనుకున్నాను, కోతి అని మార్చి.) చంపడమేమిటన్నాడు మాస్టారు. ఇనుము బరువు, నాలుగైదు మించి మోయలేరు, దళసరి బట్ట మీద పడితే చిల్లు కూడా సరిగ్గా పడదట. ముఖం మీదికో చేతి మీదికో విసురుతారు, ఎదుటివాడు ఉలిక్కిపడతాడు.

"అప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"పరిగెత్తాలి," అన్నాడు. "అసలు విద్య అదే. ఇది దానికి ముందు చేసే పని."

పరిగెత్తడం నేర్చుకోవడానికి ఆదివారం నిద్ర పాడుచేసుకున్నానన్నమాట. అయినా వదల్లేదు. భుజం, నడుము, అడుగు, అన్నీ కలిసి కదలాలట. నావి ఎప్పుడూ ఒకదాన్నొకటి సంప్రదించుకోవు.

నవంబర్ 12

శత్రువు ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండాలని నక్షత్రాలు ప్యాంటు జేబులో వేసుకుని తిరిగాను. మధ్యాహ్నానికి జేబు చిరిగింది. ఒకటి కాలి మీద పడింది. దుకాణం ఆయన చెప్పినంత మొద్దుగా లేదు.

శత్రువు వచ్చాడు. చెవి చిరిగిన పెద్ద మగకోతి. ఆ సమయానికి నేను బాత్రూంలో పాదానికి మందు రాసుకుంటున్నాను. అత్తగారు చూశారు. అది ఒక పండు కొరికి ఉమ్మేసిందట, ఇంకా వగరు పోలేదు కదా. తర్వాత మిగతావాటిని ఒక్కొక్కటే వేలితో నొక్కి చూసి వెళ్లిందట.

"ఎప్పుడు రావాలో చూసుకుని పోయింది," అన్నారు అత్తగారు. "దానికి పని తెలుసు."

చివరి మాట కోతి గురించేనా అని అడగలేదు.

నవంబర్ 16

క్లాసుకు వెళ్లలేదు. పాదం.

నవంబర్ 17

వాన. చాప తడిసింది.

నవంబర్ 18

ఎండ. చాప ఆరాలి.

నవంబర్ 19

చాప ఆరింది. భుజం పట్టేసింది. మనసులో సాధన చేశాను. మనసులో ఒక్కటీ తప్పలేదు.

నవంబర్ 21

ముగ్గురం వరండాలో కూర్చుని పండ్లు ఒత్తాం. ఇలా మెల్లగా చేత్తో ఒత్తితేనే లోపల మెత్తబడి తీపెక్కుతాయి. అత్తగారి వేళ్లు వంకరపోయాయి, అయినా ఒక్క పండు చిట్లదు. నేను రెండు చిట్లించాను. ఆవిడ వాటిని నా వైపు జరిపారు. తిన్నాను. వగరు దాదాపు పోయింది.

విద్య ఎంతవరకొచ్చిందని అడిగారు. బాగానే సాగుతోంది అన్నాను.

"చాప మీద పుట్టగొడుగు మొలిచింది," అన్నారు.

నవంబర్ 24, సెలవు

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగినట్టే రాస్తాను.

ఉదయం చెవి చిరిగినవాడు కుటుంబంతో వచ్చాడు. ఇద్దరు భార్యలు, వీపున పిల్లలు. వరండా మెట్టు మీద కూర్చుని, విందుకు పిలిచినట్టు పైకి చూస్తున్నారు. మా ఆవిడ వంటింట్లో. అత్తగారు అడుగున వెచ్చగా ఉండే కొటాట్సు బల్ల కింద కాళ్లు పెట్టుకుని అద్దం తలుపులోంచి చూస్తున్నారు. ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాను. నెమ్మదిగా పెరట్లోకి దిగాను.

మొదటిది: పక్కగది కాగితపు తలుపును చీల్చుకుని ఇంట్లోకి వెళ్లింది.

రెండోది: ఎటు పోయిందో తెలియదు. కోతి కూడా మెడ తిప్పి వెతికింది.

మూడోది: భుజం, నడుము, అడుగు కలిశాయి. జీవితంలో మొదటిసారి కలిశాయి. చేతిలోంచి వెళ్లేటప్పుడే తెలిసింది, ఇది తగులుతుందని. తగిలింది. గెడ కట్టిన తాడు ముడిలో సరిగ్గా దిగింది. పాత తాడు తెగింది. గెడ ఒక కొస కిందికి వాలింది. పండ్ల తాళ్లు దాని మీదుగా ఒకదాని వెనక ఒకటి జారి, కోతుల ఒళ్లో పడ్డాయి.

పండ్లు అంత దగ్గరికి వస్తాయని పిల్లకోతి కూడా అనుకోలేదు. కాస్త వెనక్కి జరిగింది.

పెద్దది ఒక తాడు మెడలో వేసుకుని నా వైపు ఒక అడుగు వేసింది. అప్పుడు నేను మాస్టారు చెప్పిన అసలు విద్య ప్రదర్శించాను. అది మాత్రం మొదటిసారే బ్రహ్మాండంగా వచ్చింది. లోపలికి దూకి తలుపు గడియ పెట్టుకున్నాను.

మా ఆవిడ అన్న మాటలు రాయను, పేజీలు చాలవు. అత్తగారు పెరట్లోకి వచ్చారు. అది ఇంకా ఘోరం. గెడ పై కొసన ఒక తాడు చిక్కుకుని మిగిలింది. దాని కింద నిలబడి ఆవిడ కాసేపు పైకి చూసి లోపలికి వెళ్లిపోయారు. ఈ ఇంట్లో ఇన్నేళ్లలో నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

నవంబర్ 25

వల కట్టాం. హొరిగుచి గారు సాయం వచ్చారు. పాపం మర్యాదస్థుడు, ఏమీ అడగలేదు. పని జరిగినంతసేపూ నవ్వు ఆపుకోవడంతోనే అలిసిపోయారు. వెళ్తూ ముల్లంగి మడిలో దొరికిన నక్షత్రం తిరిగిచ్చారు. ఉంచుకోమన్నాను.

షురికెన్ విద్య ఇంతటితో సమాప్తం. నగోయా రక్తం, ఏం చేస్తాం.

నవంబర్ 27

మా ఆవిడ పనికి వెళ్లాక అత్తగారు పూజ గదిలోకి పిలిచారు. ఇక తప్పదనుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆవిడ పెట్టె తెచ్చి నా ముందు పెట్టి మూత తీశారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తియ్యి. కరవదు," అన్నారు.

తీశాను. బరువుగా ఉంది. ఎక్కడో చూసినట్టుంది. నాలుగు కొసలు, మధ్యలో చిల్లు. నేను బజారులో కొన్నవీ అచ్చం ఇలాగే ఉంటాయి.

ఆవిడ ఫోటో వైపు చూస్తూ చెప్పారు. మామగారూ ఇల్లరికమే, వకయామా తీరంలో జాలర్ల ఇంటి నుంచి వచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆయన ఎంత నింజాగా బతికారంటే ఎవరికీ గుర్తొచ్చేది కాదు. కొత్తల్లో మా అత్తగారి నాన్న ఆయన్ని చేపల కంపు అనేవాడట, అందరి ముందూ, భోజనాల దగ్గర కూడా.

"ఒక ఏడు కోట తిరనాళ్లకి వెళ్లాం ఇద్దరం. అక్కడ కొన్నాడు ఇవి. పక్కన గొడుగు పట్టుకుని నేనే ఉన్నాను. ఇంటికొచ్చి ఒక వారం ఉప్పునీళ్లలో తుప్పు పట్టించాడు. కొట్టాం అటక మీద దొరికాయి మావయ్యా, మన పూర్వీకులవి అని మా నాన్న చేతిలో పెట్టాడు. మా నాన్న ఏడ్చాడు. ఆ రాత్రి నుంచి సాకే సారా పోస్తే ముందు ఆయనకే పోసేవాడు."

"మీరెప్పుడూ చెప్పలేదా?" అన్నాను.

"ఎవరికి? ఆయనక్కూడా చెప్పలేదు, నాకు గుర్తుందని." పెట్టె నా వైపు జరిపారు. "ఆయనా పెరట్లో తెగ విసిరేవాడు, ఎవరూ లేనప్పుడు. ఒక్కటీ తగిలేది కాదు. నువ్వు తాడు తెంపావు చూడు, అది ఆయన వల్ల అయ్యేది కాదు."

అయితే ఈ ఇంటి నక్షత్రాలు చరిత్రలో ఒకే ఒక్కసారి పనిచేశాయి, ఒక మామగారి మీద. దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది.

చిసాతోకి చెప్పొద్దన్నారు. చెప్పను. ఇలాంటివి ఈ ఇంట్లో అల్లుళ్లకే అప్పగిస్తారని ఇప్పుడు తెలిసింది.

నవంబర్ 28

హొరిగుచి గారు ముల్లంగి ఇవ్వడానికి వచ్చి, పెట్టె తెరిచి ఉండటం చూసి ఏమిటవి అన్నారు. మా పూర్వీకులవి, కొట్టాం అటక మీద దొరికాయి అన్నాను. అత్తగారు వింటూనే టీ పోశారు. ముందు ఫోటోకి. తర్వాత నాకు.

మా ఆవిడ కప్పు పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఈ రోజు నుంచి నేను షురికెన్ విసరడం నేర్చుకుంటున్నాను. పుట్టగొడుగు పీకేశాను. ఈసారి నిజంగా.

సాయంత్రం:
విసిరినవి: చాలా.
గుచ్చుకున్నవి: మొదటి రోజే కదా.
హొరిగుచి గారి ముల్లంగి మడిలో: రెండు.