దీపం వేళ ముద్ద

బ్రూక్షాబాద్

ప్రియమైన కోడలు సత్యవాణికి,

సింహాద్రి అప్పన్న దయవల్ల నేను క్షేమం. చలపతి మీ డిగ్లీపూర్ బడిలో పాఠాలు బాగా చెబుతున్నాడని, కాస్త ఒళ్లు కూడా చేశాడని అక్కణ్ణుంచి మా పోర్ట్ బ్లెయిర్‌కి బోటులో వచ్చినవాళ్లు చెప్పారు. నాకు మాత్రం ఉత్తరం ముక్క రాయడు.

పెళ్లికి ముందు వాడు నల్లమందు తిని ఎలా పడి ఉండేవాడో నీకు తెలుసు. నేను మొక్కని దేవుడు లేడు. పెళ్లయి మీరిద్దరూ అక్కడికి వెళ్లిన ఏడాదికే మానేశాడు. ఎలా మాన్పించావో రాయమ్మా. పక్కింటి బుల్లమ్మ కొడుకు ఆ దారే పట్టాడు. ఆ తల్లి ఏడుపు చూడలేకపోతున్నాను.

నీ మేలు కోరే అత్తయ్య,
శేషమ్మ

*

డిగ్లీపూర్

ప్రియమైన అత్తయ్యగారికి నమస్కారాలు.

మందేమీ వాడలేదండీ. మొదట్లో సాయంత్రమయ్యేసరికి ఆయనకు ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా పీకడం. నేను పక్కన కూర్చుని వక్కకాయలు ఒలిచేదాన్ని. ఆయనకూ ఓ కత్తి ఇచ్చేదాన్ని. వంకరగా కోస్తే, "మాస్టారూ, పిల్లలకి గుండ్రం గీయడం ఇలాగే నేర్పుతున్నారా?" అని వెక్కిరించేదాన్ని. నవ్వేవారు.

ఒకరోజు దొంగతనంగా తినొచ్చి, "ఏటోనే, మట్టి తిన్నట్టుంది. నువ్వు పక్కన కూకుంటే దాని మీదకి మనసే పోదు" అన్నారు. కానీ నేను పుట్టింటికి మాయాబందర్ వెళ్లగానే మళ్లీ మొదలెట్టారు. తిరిగొచ్చాక మానేశారు. అప్పటినుంచి ఆయన్ని ఒక్క సాయంత్రం కూడా వదల్లేదు. అబ్బాయిని ఒంటరిగా ఉంచొద్దని బుల్లమ్మగారితో చెప్పండి.

మరో సంగతి. నాకిప్పుడు మూడో నెల.

మీ కోడలు,
సత్యవాణి

*

బ్రూక్షాబాద్

ప్రియమైన సత్యవాణికి,

చల్లని కబురు చెప్పావు. అప్పన్నకు కొబ్బరికాయ కొట్టాను.

మొన్న మెట్ల మీద జారిపడ్డాను. కాలు కదపలేకపోతున్నాను. చలపతిని నాలుగు రోజులు పంపు. నువ్వు రావద్దు, వట్టి మనిషివి కాదు, బోటు కుదుపులు మంచివి కావు. సాయంత్రాలు వాడి పక్కన నేను కూర్చుంటానులే.

ఇట్లు నీ తల్లిలాంటి
శేషమ్మ

*

డిగ్లీపూర్

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఆయన వెళ్లి రెండు నెలలు దాటింది. బడివాళ్లు అడుగుతున్నారు. బిడ్డ కదులుతోందని ఆయనకు రాశాను, దానికీ జవాబు లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆయన్ని చూసొచ్చిన మా పొరుగింటి నూకన్న, "దీదీ, మాస్టారు నన్ను ఆనవాలు పట్టలేదు" అన్నాడు.

నాకు భయంగా ఉంది. వచ్చే బోటుకు బయల్దేరుతున్నాను. ఒక్క సాయంత్రం ఆయన పక్కన కూర్చోనివ్వండి, చాలు.

సత్యవాణి

*

బ్రూక్షాబాద్

ప్రియమైన సత్యవాణికి,

నువ్వొచ్చాక ఎదురుగా గట్టిగా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను. నా కాలు బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంది. బుల్లమ్మకు కొడుకులు లేరు.

వచ్చిన కొత్తలో వాడికి ఒకటే మాట. "సత్తి ఒక్కర్తే ఉంది, నానెల్లిపోతానమ్మా." నేను పక్కన కూర్చున్నాను. వక్కలు ముందు పెట్టాను. నా వైపు చూడలేదు. నేను చాలనని అర్థమైంది. నీ ఉత్తరం మళ్లీ తీశాను. నువ్వుంటే వాడికి అది అక్కర్లేదన్నావు. మరి అది ఉంటే నువ్వు అక్కర్లేదు కదా.

హార్బర్ దగ్గర నల్లమందు అమ్మే పోలిరాజు, "ఏటి దీదీ, మీవోడు మళ్లీ వచ్చీసినాడా?" అని నవ్వాడు. తలవంచుకుని తెచ్చుకున్నాను. బెల్లంలో కలిపి, అప్పన్న పటం ముందు పెట్టి, దీపం వేళ ప్రసాదమని వాడి నోటికందించాను. రుచి తెలిసిపోయింది. నా కళ్లలోకి చూశాడు. ఉమ్మేయలేదు. మర్నాడు దీపం పెట్టకముందే చెయ్యి చాచాడు.

తిన్నన్నాళ్లూ వాడు నా ఒళ్లో ఉన్నాడమ్మా. మానేశాక నీ పక్కన చేరాడు. ఇప్పుడు మళ్లీ నా ఒళ్లోనే తలపెట్టి పడుకుంటున్నాడు.

నీ ఉత్తరాలు దాచలేదు, వాడికే ఇచ్చాను. బిడ్డ కదులుతోందని రాసిందీ చదివాడు. మడిచి పక్కన పెట్టి, "అమ్మా, దీపం ఎప్పుడెడతావు?" అన్నాడు.

వస్తానంటే రా. తలుపు తీస్తాను. పక్కన కూర్చుని వక్కలు ఒలుచుకో. దీపం వేళకు ఎవరి చేతి వైపు చూస్తాడో నువ్వే చూద్దువుగాని.

దీర్ఘసుమంగళిగా ఉండాలని దీవిస్తూ,
అత్తయ్య