కెజియాకు మీరే చెప్పండి

ఏమండీ,

పర్చూరులో స్త్రీల కూడికకు వెళ్తున్నాను. అన్నం, గోంగూర పప్పు పొయ్యి పక్కన ఉన్నాయి. మబ్బు పడితే కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పండి.

కెజియా కథల పుస్తకం బీరువా మీద దాచారుగా, దించి దాని చేతికివ్వండి. మంత్రాల కథలు చదివితే సాతాను ఇంట్లోకొస్తాడన్నారు. అది చదివినన్నాళ్లూ పిల్ల హాయిగా నిద్రపోయింది. మీరు ఆ మాట అన్న దగ్గర్నుంచి పెరట్లోకి కూడా ఒంటరిగా వెళ్లట్లేదు. పొద్దున నన్ను పట్టుకుని, "అమ్మా, నేను చదివేశానుగా, యేసయ్య నన్నొదిలేశాడా?" అని ఏడ్చింది. ఎంత సముదాయించినా, "నాన్న చెప్పాడుగా" అంటుంది. భయపెట్టింది మీరు, ఆ భయం తీర్చాల్సిందీ మీరే.

సలోమి

ప్రసంగం చెయ్యొద్దు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, వదల్లేదని చెప్పండి, చాలు.