చీటీ లేని వేలిముద్ర

ఆగస్టు 4, సోమవారం

పోలయ్య వచ్చాడు. పైర్లు వేశాక ఊళ్ళో జీవాలకు చోటుండదు కదా, నెలన్నరగా గొర్రెలతో నల్లమల అంచునే ఉన్నాడు. ఇంటికి పోయి నీళ్ళు పోసుకుని నేరుగా నా మినీ బ్యాంకుకే. సెల్లు తెచ్చి వేలిముద్ర మిషన్ పక్కన పెట్టాడు.

"చూడక్కా, ఒకే పొద్దు రెండు మెసేజీలు. మా అమ్మ ఒక్కసారే తెచ్చుకున్నానంటాది."

జూలై ఏడు. వాళ్ళమ్మ వెంగమ్మవ్వ ఖాతాలోంచి ఐదు వేలు. రెండు నిమిషాల తేడాలో మళ్ళీ ఐదు వేలు. ఖాతాకు ఇచ్చిన నంబరు పోలయ్యది, మెసేజీలు అడవికి పోయాయి. అక్కడ సిగ్నల్ లేదు. ఊరి దగ్గరికి వచ్చాక అన్నీ ఒక్కసారి పడ్డాయట.

ఆ రోజు బాగా గుర్తు. అవ్వ వేలు పడలేదు. ఇరవై ఏళ్ళు మార్కాపురంలో రాతి పలకలు రుద్దిన వేలు, గీతలు ఎక్కడుంటాయి? మొదటిసారి ఫెయిల్. తలకు రుద్దుకొని మళ్ళీ పెట్టమన్నాను, వచ్చింది. ఐదు వేలు లెక్కబెట్టి చేతిలో పెట్టాను. అంతే.

"మరి ఆ ఇంకో ఐదు ఎవరు తిన్నారక్కా?"

ఒళ్ళు మండింది. "నేనైతే తినలేదు" అన్నాను, గట్టిగానే. వరసలో నలుగురున్నారు. విన్నారు.

ఆగస్టు 5

ఆరుగురే వచ్చారు. మంగళవారం కదా అని సర్దిచెప్పుకున్నాను… పోయిన మంగళవారం పద్దెనిమిది మంది.

ఆగస్టు 6

అవ్వే వచ్చింది. ఎప్పుడూ మెట్టు మీద కూలబడి, నీళ్ళడిగి, కొడుకును నాలుగు తిట్టి గానీ పని సంగతి ఎత్తదు. ఈరోజు నిలబడే ఉంది.

"అమ్మాయ్, ఆ పొద్దు నాకు ఒక్క చీటే ఇచ్చినావు."

"డబ్బులు ఒక్కసారే వచ్చినాయి కదవ్వా. ఫెయిలైన దానికి చీటీ ఎందుకు?"

"ఫెయిలైనట్టు నాకెట్ల తెలుస్తాది? నువ్వు చెప్పినావు, నేను నమ్మినా."

చీటీల కాగితం చుట్ట నా డబ్బుతో కొనుక్కునేది. గీతలు అరిగిన వేళ్ళ ఊరు మాది, ఒక్కొక్కరు మూడుసార్లు పెడితే గానీ పడదు. ఫెయిలైన ప్రతిదానికీ చీటీ తీస్తే చుట్ట రెండు రోజులు రాదు. అందుకే తీయను. నాలుగేళ్ళుగా తీయలేదు, ఎవరూ అడగలేదు. "చీటీ ఎందుకులేమ్మా, నువ్వున్నావుగా" అనేవాళ్ళే అందరూ. ఆ మాటకు మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఒకటి గుచ్చుకుంది. వరస లేకపోయినా అవ్వ నన్నెప్పుడూ "కోడలా" అంటుంది. ఈరోజు "అమ్మాయ్".

ఆగస్టు 7

నా కుర్చీ వెనక గోడకు చర్చి క్యాలెండర్. దాని వెనక, మిషన్ ఇచ్చిన కంపెనీ వాళ్ళు మొదటి రోజున అంటించిపోయిన కాగితం— ఖాతాదారుల హక్కులు. క్యాలెండర్ ఎత్తి ఈరోజు చదివాను. మొదటిసారి.

మూడో వరసలోనే ఉంది. లావాదేవీ ఫెయిలైనా రసీదు అడిగి తీసుకోండి.

అడగడానికి ముందు ఆ వరస కనబడాలి కదా. దాని మీద మేకు కొట్టింది నేనే.

ఆగస్టు 8

మార్కాపురం బ్రాంచికి ముగ్గురం. బస్సులో అవ్వ కిటికీ వైపు, నేను ఇటు, మధ్యలో పోలయ్య.

పోలయ్య భయమంతా గడువు గురించే. "మూడు దినాల్లో చెప్పాలంట గదా సార్. మేం నెల దాటినాక చూసుకుంటిమి."

ఆ మూడు రోజుల లెక్క వేరేవాళ్ళెవరో దొంగతనంగా తీసినప్పటిదని మేనేజరు చెప్పాడు. ఇది ఫెయిలైన లావాదేవీ. ఖాతాలో తెగి, చేతికి రాకపోతే ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలట. రాకపోతే ఆ పైన రోజుకు వంద చొప్పున కలిపి ఇవ్వాలట. "మీ తప్పేమన్నా ఉంటే మేం చూపించాలి. లేదని మీరు రుజువు చేసుకోనక్కర్లేదు."

అవ్వ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నవ్వింది. "అట్లయితే మేం అబద్ధం ఆడలేదని రాసుకున్నారన్నమాట."

అవ్వకు ఆ నియమం ఉంది. బాగుంది, ఉండాల్సిందే. మరి నాకు? అడిగేశాను. మేనేజరు నవ్వలేదు. "మీ కంపెనీ నుంచి స్టేట్‌మెంట్ తెండమ్మా. ఆ ఒక్క రోజుది కాదు, ఆ తర్వాత వారం రోజులది కూడా."

ఆగస్టు 9

స్టేట్‌మెంట్ సోమవారం పంపుతారట. పంపనీ. నాకేం భయం?

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో పాస్టరమ్మ నా పేరు ఎత్తకుండా, "నింద మోస్తున్న మా చెల్లెలి కోసం" అని ప్రార్థన చేసింది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆగస్టు 11

వచ్చింది.

జూలై పది. ఐదు వేలు. పెండింగ్‌లో ఉండిపోయిన ఆ ఫెయిలే సక్సెస్ అయింది. నేను చేతికిచ్చే నగదుకు బదులు కంపెనీ నా ఖాతాలో వేస్తుంది కదా, అట్లా నాకు జమ. మూడు రోజులు ఆలస్యంగా, నా కమీషన్లూ మిగతా జమలూ పడ్డ గుంపులో పడింది. నేను చూసేది పొద్దున్నే మొత్తం ఒక్కటే. విడివిడిగా ఎప్పుడు చూశాను?

ఆ వారమే మిషన్‌కు కొత్త బ్యాటరీ కొన్నాను. "ఈ నెల బాగానే మిగిలింది" అని మా ఆయనతో అన్నాను కూడా.

తిన్నది నేనే. తెలియకుండా తిన్నాను.

ఆగస్టు 12

ఆయనతో చెప్పాను. అన్నం కలుపుతున్నవాడల్లా ఆగి, "తెలిసి చేసినావా ఏంది? బ్యాంకులో చెప్పి కట్టేయ్. ఊరందరికీ చెప్పడమెందుకు?" అన్నాడు. మళ్ళీ కలుపుకున్నాడు.

ఆగస్టు 13

బ్రాంచికి ఒక్కదాన్నే వెళ్ళాను. కాగితం చూపించాను. మేనేజరు తిట్టలేదు. ఇట్లాంటివి జరుగుతుంటాయట. నా దగ్గర వెనక్కి తీసుకుని అవ్వ ఖాతాలో వేస్తారు, ఆలస్యానికి రావాల్సింది బ్యాంకు కలుపుతుంది. "మెసేజీ వాళ్ళకే పోతుంది. మీరు ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు."

గుండె మీది బరువు దిగింది. తిరిగొచ్చే బస్సులో, కొనకనమిట్ల దాటాక అర్థమైంది— దిగింది సొమ్ము తిరిగిపోతున్నందుకు కాదు, ఎవరికీ తెలియదన్నందుకు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆగస్టు 16

"పడినాయక్కా!" పోలయ్య వాకిట్లోంచే అరిచాడు. వెనకాలే అవ్వ, చేతిలో స్టీలు గిన్నె. వాళ్ళ బర్రె ఈనింది, జున్ను.

వరసలో అందరూ ఉండగానే నా చెయ్యి పట్టుకుంది. "నా కోడలిని అనుమానించినా. తప్పయిపోయింది తల్లీ. అంతా ఆ బ్యాంకోళ్ళు చేసిన పనంట."

నేను అన్నది ఒకటే. "పర్లేదవ్వా."

పర్లేదట. క్షమించేదాన్ని నేనట!

ఈరోజు ఇరవై ఇద్దరు వచ్చారు.

ఆగస్టు 17, ఆదివారం

పాస్టరమ్మ ఆపింది. "నింద తీరిపోయింది గదా చెల్లీ, సాక్ష్యం చెప్పు." గొంతు బాగాలేదన్నాను. "అయితే వచ్చే ఆదివారం." సాక్ష్యమంటే మైకు పట్టుకుని, దేవుడి ముందూ ఊరి ముందూ, జరిగింది జరిగినట్టు చెప్పడం.

జున్ను ఆయన తిన్నాడు. నాకు మింగుడు పడలేదు.

ఆగస్టు 20

మొన్న క్యాలెండర్ తీసి పక్క గోడకు మార్చాను. ఫెయిలైతే చీటీ. ప్రతిదానికీ. చుట్ట ఒకటిన్నర రోజే వచ్చింది. రానీ.

ఆగస్టు 23, శనివారం

అవ్వ వచ్చింది. మెట్టు మీద కూర్చుంది, నీళ్ళడిగింది, కొడుకును తిట్టింది. వేలు మొదటిసారి పడలేదు. చీటీ తీసి ఇచ్చాను.

"ఇదేంది కోడలా? డబ్బులే రాలేదే?"

"అందుకేనవ్వా. దాచుకో. రేపు నా మీద ఫిర్యాదు చెయ్యాలన్నా పనికొస్తాది."

పడీపడీ నవ్వింది. "నీ మీద నాకేం ఫిర్యాదు!" చీటీ మడిచి రొంటిన దోపుకుంది. లేస్తూ అంది— "రేపు మీ చర్చికి నేనూ వస్తా. నా సంగతి అందరికీ చెప్తావంట గదా. ముందు వరసలో కూచుంటా, వినాల."

ఆమె గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. కడిగి బోర్లించి వారమైంది. ఒట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదు. పప్పు పోద్దామనుకున్నాను. బెల్లం పెడదామనుకున్నాను.

స్టేట్‌మెంట్ కాగితం మడిచి అందులో పెట్టాను. జూలై పది కింద గీత గీశాను.

అవ్వకు చదవడం రాదు. చదివి చెప్పాల్సింది నేనే.