పిడికెడు పదను

ఆదివారం, మొదటి వాన పడ్డ మర్నాడు

పొద్దున నా కూతురు శ్రావణి ఇంగ్లీషు పాఠం చదువుతూ, "అమ్మా, మాయిస్ట్ అంటే ఏంది?" అని అడిగింది. తడి అన్నాను. "వెట్ అన్నా తడే అంటివి గదా!" అంది. దాన్ని వెంటబెట్టుకుని మా మెట్ట చెలకకు పోయాను.

పత్తి గింజలు పెట్టే ముందు, నేలలో గింజ మొలిచేంత పదను ఉందా అని మట్టిని పిడికిట్లో నొక్కి, ఆ ఉండను దాని చేతిలో పెట్టాను. "చెయ్యికి నీళ్లు అంటలేవు, మట్టి గూడ ఇడిపోతలేదు. గిదేనా అమ్మా మాయిస్ట్?" ఏటా నొక్కి చూసే మట్టే. కనిపించని నీళ్లు దాన్ని పట్టుకుని ఉన్నాయని ఇవాళే తెలిసినట్టు నిలబడిపోయాను.

గింజలు పెట్టేశాం. సాయంత్రానికి మబ్బు తేలిపోయింది. నిరుడు ఇట్లాగే పెడితే ఒక్కటీ మొలవలేదు...

శ్రావణి ఆ ఉండను తెచ్చి కిటికీలో పెట్టుకుంది. ఇందాక విరిచి చూశాను. పైనంతా ఎండి దుమ్ము రాలింది. లోపల ఇంకా చల్లగానే ఉంది.