కోడిపిల్లలు తిన్న మందు

మాంచెస్టర్,
డిసెంబరు, 1945

చిరంజీవి క్లిఫర్డ్‌కు అక్క దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. లివర్‌పూల్ ఆసుపత్రిలో నువ్వూ అంతేనని ఈసారి ధైర్యంగా రాయగలుగుతున్నాను. బర్మా నుంచి వెంట తెచ్చుకున్న ఆ చలిజ్వరం దిగిందన్న ముక్క అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు అలాగే ఉంది. చలి కాచుకోవడానికి బొగ్గు దొరకడం లేదు, వెచ్చగా ఉంటుందని ఇద్దరం వంటింట్లోనే పడుకుంటున్నాం. పటాలంలో జ్వరానికిచ్చిన పసుపు మాత్రలు మానేశావు కాబట్టి నీ ఒంటి పసుపు మెల్లగా వదులుతుంది. ఆ రంగు చూసి పిల్లనెవరూ ఇవ్వరని బెంగపడకు.

ఇప్పుడిస్తున్న పేరులేని తెల్లపొడి చేదువిషమని రాశావు. పక్క మంచం ఆల్బర్ట్ "దీన్ని చేసినవాడెవడో, ముందు వాడి చేత మింగించాలిరా" అన్నాడట. ఆ పని అయిపోయిందని అతనికి చెప్పు.

నేను పనిచేసేది రంగుల కర్మాగారమే. కానీ మూడేళ్లుగా మా గదిలో తయారవుతున్నవి మలేరియా మందులు. యుద్ధం కదా, ఇంట్లో కూడా నోరెత్తవద్దన్నారు. పోయిన వారమే ఇక చెప్పుకోవచ్చన్నారు. ఒక పదార్థం చేయడం, జ్వరం ఎక్కించిన కోడిపిల్లలకు పెట్టడం, అవి చస్తే అణువులో ఒక ముక్క మార్చి మళ్లీ చేయడం. ఇదే పని. ఒక ఉదయం వెళ్లేసరికి, చచ్చిపోతాయనుకున్న పిల్లలు లేచి గింజలు ఏరుకుంటున్నాయి. నీకిచ్చింది ఆ పొడే.

మనుషులకు ఇవ్వకముందు నేనే కొంచెం మింగాను. మా పెద్దాయన హోల్‌రాయిడ్ గారు మండిపడ్డారు.

"మతి ఉందా అమ్మాయ్? నన్నొక మాట అడగొద్దూ?"

"అడిగితే వద్దంటారుగా సార్."

"వద్దనే అంటాను! ఏదీ, నాకూ కాస్త ఇటివ్వు."

ఇద్దరికీ కడుపులో తిప్పింది, అంతే. అమ్మ మాత్రం నేను పాడైన చేప తిన్నాననుకుని మొన్నటిదాకా చేపలవాణ్ణి తిట్టింది.

ఇక అసలు సంగతి. క్రిస్మస్‌కు ఇంటికి రానా, డాక్టరు అడిగినట్టు జనవరి దాకా ఆసుపత్రిలోనే ఉండనా అన్నావు. అక్కగా రమ్మంటాను. మందు చేసినదానిగా ఉండమంటాను. అది జ్వరాన్ని దించుతుందని తెలిసింది. మళ్లీ రాకుండా ఆపుతుందో లేదో మాలో ఎవరికీ తెలియదు. నీ నెత్తురు పరీక్షిస్తూ ఉంటేనే తెలుస్తుంది.

నిన్న అమ్మకు అంతా చెప్పేశాను.

"అయితే వాడి కడుపులో ఉన్నది నువ్వు వండిందేనా?" అంది.

ఔనన్నాను.

"వాడొస్తాడని రేషను గుడ్లు దాస్తున్నానే," అని కళ్లు తుడుచుకుంది. "పోస్టులో పంపితే పగులుతాయి. రాకపోతే కేకు చేసి పంపుదాంలే," అంది.

నువ్వు వచ్చినా సరే, ఉన్నా సరే. జ్వరం తిరగబెడితే మాత్రం తిరగబెట్టిందనే రాయి. అక్క మనసు కష్టపెట్టుకుంటుందని దాచకు.

ఇట్లు,
నీ అక్క,
ఎడ్నా