మగ్గం గుడ్డ సంచి

ఎమ్మిగనూరు, శుక్రవారం రాత్రి

నేసిన గుడ్డలో మిగిలిన ముక్కలతో మా ఆయనకు క్యారియర్ సంచి కుట్టిచ్చాను. ఈరోజు క్యారియర్ ప్లాస్టిక్ కవర్లో ఇంటికొచ్చింది.

"సంచి యాడ?" అన్నాను.

"సైకిలు తుడుసుకునేకి పెట్టుకున్యా. ఆ సంచితో పోతే ఆఫీసులో నవ్వుతాండారు."

ఆయన పనిచేసేది చేనేత సంఘం ఆఫీసులో! నవ్వేవాళ్ళ ఇళ్ళల్లోనూ మగ్గాలే.

నా కళ్ళముందే ఆ కవరును వీధి కాలువలోకి విసిరేశాడు. ఎప్పుడో ఎవరో వేసిన కవరు అక్కడ ఇంకా కుళ్ళకుండా నీళ్ళకు అడ్డంపడి ఉంది.

పడుకోబోతూ అన్నాడు: "రేపు మీటింగు. అందరూ చేనేతే వాడాలని నేనే మాట్లాడాల. ఆ టెర్లిన్ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు."

చేశాను. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎక్కువే వేశాను. చొక్కా వీపు మీద అరచేయంత కాలి ముడుచుకుపోయింది.

రేపు పొద్దున ఆయనకు నేత చొక్కా తప్ప గతిలేదు.